కొనేవాళ్ల మనసుకు తగిలే ప్రకటన ఎలా తయారు చేయాలి?

"నాణ్యతకు మారుపేరు." "మీ నమ్మకమే మా పెట్టుబడి." "సరసమైన ధరలు, సంతృప్తికరమైన సేవలు." ఇలాంటి ప్రకటనలు మీరు లెక్కలేనన్ని చూసి ఉంటారు. వాటిలో ఒక్కటైనా ఎవరిదో గుర్తుందా? గుర్తుండదు. ఆ మాటల్ని తీసుకెళ్లి మంచాలు అమ్మేవాళ్ల ప్రకటనలో పెట్టినా సరిపోతాయి, మందులు అమ్మేవాళ్ల ప్రకటనలో పెట్టినా సరిపోతాయి. ఎవరికైనా సరిపోయే మాట మీ సరుకు గురించి ఏమీ చెప్పడం లేదన్నమాట.

మంచి ప్రకటన బల్ల ముందు కూర్చుని అల్లితే వచ్చేది కాదని నా గట్టి అభిప్రాయం. అది ఇప్పటికే కొన్నవాళ్ల నోట్లో ఉంటుంది, లేదంటే ఆ సరుకు తయారయ్యే చోట ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోవాలి, పట్టుకున్నాక పాడుచేయకుండా చూపించాలి. చెప్పుకోవడానికి తేలిగ్గా ఉంటుందని ఒక బ్యాగును ఉదాహరణగా తీసుకుంటాను: రోజూ ల్యాప్‌టాప్ పట్టుకుని పనికి వెళ్లేవాళ్లు భుజాన వేసుకునే, వానకు తట్టుకునే బ్యాగు. మీరు అమ్మేది కోర్సయినా, రిపేరు పనయినా, ఇంకేదైనా దారి ఇదే.

1. చూసినవాళ్లు ఏం చేయాలో ముందే తేల్చుకోండి

ఫోన్ చేయాలా? వెబ్‌సైట్‌లో ఆర్డర్ పెట్టాలా? షాపుకి రావాలా? పేరు గుర్తుపెట్టుకుంటే చాలా? వీటిలో ఒక్కటి ఎంచుకుని కాగితం మీద రాసి పెట్టుకోండి. "అన్నీ చేస్తే మంచిదే కదా" అనిపిస్తుంది గానీ, అన్నీ అడిగిన ప్రకటన చూసి జనం ఏదీ చేయరు. ఇక మీదట రాసే ప్రతి మాటనూ, పెట్టే ప్రతి ఫొటోనూ ఈ కాగితం దగ్గర పెట్టి చూడాలి. ఆ పనికి సాయపడనిది ఎంత అందంగా ఉన్నా తీసేయాలి.

2. కొన్నవాళ్లతో మాట్లాడండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం దీనికే పెట్టండి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా డిజైనర్ దగ్గరికి వెళ్తారు. డిజైనర్‌కు ఏం చెప్పాలో తెలియక, "కాస్త ఆకర్షణీయంగా చేయండి" అంటారు. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఎర్రరంగు పెంచి, అక్షరాలు మెరిసేలా చేసి పంపిస్తాడు.

మీ దగ్గర ఇప్పటికే కొన్నవాళ్లలో కొందరికి ఫోన్ చేయండి. "మా బ్యాగు ఎలా ఉందండీ?" అని అడగకండి. "బాగుందండీ" అని మర్యాదకు అంటారు, అక్కడితో సంభాషణ ముగుస్తుంది. జరిగింది జరిగినట్టు చెప్పించే ప్రశ్నలు అడగాలి. ఇది కొనకముందు ఏం వాడేవారు? దాంతో ఏం ఇబ్బంది వచ్చింది? కొత్తది కొనాల్సిందేనని ఏం జరిగినప్పుడు అనిపించింది? మా దగ్గర కొనడానికి ముందు దేనికి వెనకాడారు? ఇంకెవరి దగ్గరైనా చూశారా, అక్కడ ఎందుకు తీసుకోలేదు?

వాళ్లు చెప్పేది వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మీ భాషలోకి మార్చారో, అసలు సరుకంతా అక్కడే పోతుంది. "జలనిరోధక సామర్థ్యం ముఖ్యమని కస్టమర్లు భావిస్తున్నారు" అని నోట్సులో రాసుకుంటే దానితో చేయగలిగింది ఏమీ లేదు. "పాత బ్యాగుకు జిప్పు దగ్గర నీళ్లు దిగేవండీ. వాన మొదలైతే చాలు, బండి పక్కన ఆపి, ల్యాప్‌టాప్ కడుపుకు హత్తుకుని చెట్టుకింద నిలబడేవాణ్ని" అని ఎవరైనా అంటే, ఆ వాక్యంలో మీకు కావాల్సినవన్నీ ఉన్నాయి. ఇబ్బంది ఎక్కడ వస్తోందో తెలిసింది (గుడ్డ దగ్గర కాదు, జిప్పు దగ్గర). ఎప్పుడు వస్తోందో తెలిసింది. ఫొటో ఎలా ఉండాలో కూడా తెలిసింది.

ఇంకా కొత్త వ్యాపారమైతే, కొన్నవాళ్లు లేకపోతే? మీలాంటి సరుకే అమ్మే ఇతరుల దగ్గర జనం రాసిన రివ్యూలు చదవండి. ఐదు స్టార్లవి, ఒక స్టార్‌వి పక్కన పెట్టి మధ్యవి ముందు చూడండి. పొగడ్తా కోపమూ ఎక్కువైన చోట వివరం తక్కువగా ఉంటుంది. మూడు స్టార్లు ఇచ్చినవాళ్లు ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో ఓపిగ్గా విడమరచి చెబుతారు.

3. సరుకు తయారయ్యే చోటికి వెళ్లి చూడండి

20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో క్లాడ్ హాప్కిన్స్ అనే ప్రకటనల రచయిత ఉండేవాడు. ష్లిట్జ్ అనే బీరు కంపెనీ ప్రకటనల పని ఆయనకు వచ్చింది. అప్పట్లో ఆ వ్యాపారంలో అందరూ "మాది స్వచ్ఛమైనది" అనే ఒకే ముక్కను పెద్ద పెద్ద అక్షరాల్లో అరిచేవాళ్లు. హాప్కిన్స్ ఫ్యాక్టరీకి వెళ్లి ప్రతిదీ తిరిగి చూశాడు. వడపోసిన గాలి నింపిన అద్దాల గదుల్లో పైపుల మీదుగా బీరు చల్లబడడం, సీసాలను యంత్రాలు నాలుగేసి సార్లు కడగడం, నీటి కోసం భూమిలోకి చాలా లోతుగా తవ్వడం చూసి ఆశ్చర్యపోయాడు. ఇవన్నీ జనానికి ఎందుకు చెప్పడం లేదని అడిగితే, "ఇందులో కొత్తేముంది, అందరూ ఇలాగే చేస్తారు" అన్నారట. ఆయన ఆ వివరాలనే ప్రకటనలుగా రాశాడు. అందరూ చేస్తున్నదే అయినా, మొదట చెప్పినవాళ్లకే ఆ పేరు దక్కింది.

మీకు రోజూ చూసి చూసి అలవాటైపోయిన పని బయటివాళ్లకు కొత్త. బ్యాగు సంగతే చూడండి. జిప్పు మీద కప్పేలా గుడ్డతో ఒక మూత కుడుతున్నారు. కుట్టు పడిన ప్రతిచోటా లోపలి వైపు టేపు అతికిస్తున్నారు. తయారయ్యాక కొన్నింటిని నీళ్ల కింద పెట్టి చూస్తున్నారు. కుట్టేవాళ్లకు ఇవి చెప్పుకోదగ్గ విషయాలని కూడా తోచదు. మీరు పక్కన నిలబడి, "ఇదెందుకు చేస్తున్నారు? చేయకపోతే ఏమవుతుంది?" అని అడుగుతూ పోతే ప్రకటనకు పనికొచ్చే సంగతులు ఒక్కొక్కటే బయటపడతాయి.

4. అన్నింటిలోంచి ఒక్కటి ఎంచుకోండి

ఇక్కడ చేయి వణుకుతుంది. బ్యాగు తేలిక, అరలు ఎక్కువ, భుజం పట్టీ మెత్తన, రంగులు ఐదు, గ్యారంటీ ఉంది. ఇన్ని మంచి గుణాలుంటే ఒక్కటే చెప్పడమేంటి అనిపిస్తుంది. కానీ రోడ్డు మీద వెళ్తూనో, ఫోన్‌లో వేలితో పైకి తోస్తూనో చూసే మనిషి మీ ప్రకటనకు ఇచ్చేది ఒకటి రెండు క్షణాలు. ఏడు సంగతులు చెబితే ఏడింటిలో ఒక్కటీ మిగలదు.

ఎంచుకోవడానికి మూడు పరీక్షలు పెట్టండి. మీరు మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది తమంతట తామే ఎత్తిన విషయమేనా? పోటీవాళ్లు ఇప్పటికే గట్టిగా చెబుతున్నదా? మీరు నిజంగా చేసి చూపించగలిగేదేనా? మొదటిదానికీ మూడోదానికీ అవును, రెండోదానికి కాదు అని జవాబు వస్తే అదే మీ మాట. మన బ్యాగుకు అది జిప్పు మీద మూత. మిగిలినవి పారేయక్కర్లేదు, వాటిని వెబ్ పేజీలోనో, మరో ప్రకటనలోనో వాడుకోండి.

5. హెడ్‌లైన్ రాయండి, ఒకటి కాదు చాలా

1958లో డేవిడ్ ఓగిల్వీ రోల్స్‌రాయిస్ కారుకు రాసిన హెడ్‌లైన్ ఇప్పటికీ ప్రకటనల పాఠాల్లో వినిపిస్తుంది. గంటకు 60 మైళ్ల వేగంతో వెళ్తున్నా ఈ కొత్త రోల్స్‌రాయిస్‌లో అన్నిటికన్నా గట్టిగా వినిపించేది కరెంటు గడియారం చప్పుడే, అని దాని భావం. అందులో "విలాసవంతమైన" లాంటి మాట ఒక్కటీ లేదు. ఉన్నదల్లా వేగం, చప్పుడు, గడియారం. ఓగిల్వీ మూడు వారాలు ఆ కారు గురించి దొరికిందల్లా చదివాడు. ఆ గడియారం సంగతి ఆయన ఊహించి రాసింది కాదు, కారును పరీక్షించిన ఒక మోటారు పత్రిక రాతల్లో దొరికింది. వెతికినవాడికే దొరుకుతుంది అనడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మన బ్యాగుకు రాసి చూద్దాం.

"అత్యుత్తమ వాటర్‌ప్రూఫ్ బ్యాగులు." ఇది ఎవరైనా అనేదే. అత్యుత్తమమని ఎవరు తేల్చారు?

"వానకు తడవని బ్యాగు." కాస్త నయం. సూటిగా ఉంది, కానీ పక్కవాళ్లు కూడా ఇదే అంటారు.

"వాన మొదలవగానే ల్యాప్‌టాప్ పట్టుకుని చెట్టుకింద నిలబడుతున్నారా?" ఇందులో ఒక మనిషి కనబడుతున్నాడు. ఆ అనుభవం ఉన్నవాళ్లు తప్పకుండా ఆగి చూస్తారు.

"నీళ్లు దిగేది జిప్పులోంచి. అందుకే ఈ బ్యాగు జిప్పుకు పైన మూత కుట్టాం." ఇందులో సమస్యకు కారణమూ ఉంది, దానికి మీరు చేసిన పనీ ఉంది.

చివరి రెండింటిలో ఏది మంచిది? అది చూసే మనిషి ఏ దశలో ఉన్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది. బ్యాగు కొనాలని నెట్‌లో వెతుకుతున్న మనిషికి తన ఇబ్బంది ముందే తెలుసు, పదింటిలో ఏది తీసుకోవాలో తెలియడం లేదు. అతనికి జిప్పు హెడ్‌లైన్ కావాలి. కొనే ఆలోచనే లేకుండా స్నేహితుల ఫొటోలు చూసుకుంటున్న మనిషికి ముందు తన ఇబ్బంది గుర్తు రావాలి. అతనికి చెట్టుకింద హెడ్‌లైన్ కావాలి. ఒకే ప్రకటనను అన్నిచోట్లా వేసేవాళ్లు ఈ తేడా దగ్గరే డబ్బు పోగొట్టుకుంటారు.

అంకెలున్న చోట వాటిని మనిషి వాడకంలోకి మార్చండి. 2001లో యాపిల్ మొదటి ఐపాడ్ తెచ్చినప్పుడు అందులో 5 జీబీ స్థలం ఉందని చెప్పుకుని ఊరుకోలేదు, మీ జేబులో వెయ్యి పాటలు అంది. జీబీ అంటే ఏమిటో తెలియనివాళ్లకు కూడా వెయ్యి పాటలంటే తెలుసు. మీ బ్యాగు 22 లీటర్లదైతే, ఆ 22 లీటర్లలో ఏమేం పడతాయో చెప్పండి.

రాసినవాటిని బిగ్గరగా చదవండి. ఎదుటి మనిషితో మీరు అలా మాట్లాడతారా? "మీ అవసరాలకు అనుగుణంగా రూపొందించబడినది" అని ఎవరూ ఎవరితోనూ అనరు. నోటితో అనలేని వాక్యం ప్రకటనలో ఉండకూడదు.

6. బొమ్మ

మాట చెప్పినదాన్నే బొమ్మ మళ్లీ చెబితే చోటు దండగ. మాట సగం చెబితే బొమ్మ మిగతా సగం చూపించాలి. జిప్పు హెడ్‌లైన్ పెట్టారనుకోండి, నవ్వుతూ బ్యాగు వేసుకున్న మోడల్ ఫొటో దానికి అక్కర్లేదు. జిప్పు మూత మీద నీటి చుక్కలు నిలబడి, మూత కొంచెం ఎత్తితే కింద పొడిగా ఉన్న జిప్పు కనబడేలా చాలా దగ్గరి నుంచి తీసిన ఫొటో కావాలి. కిటికీ పక్కన పగటి వెలుగులో ఫోన్‌తోనే తీయొచ్చు. ఏఐతో బొమ్మలు చేయించుకునేవాళ్లకు ఒక మాట: వెనకాల దృశ్యం ఏదైనా పెట్టుకోండి, సరుకు మాత్రం అసలుదే ఉండాలి. కొన్నాక చేతికొచ్చినది బొమ్మలోలా లేకపోతే ఆ కస్టమర్ మళ్లీ రాడు, రానివ్వడు కూడా.

ఖాళీ చోటుకు భయపడకండి. 1959లో డాయిల్ డేన్ బెర్న్‌బాక్ ఏజెన్సీ ఫోక్స్‌వ్యాగన్‌కు చేసిన ప్రకటనలో పేజీలో ఎక్కువ భాగం ఖాళీగా వదిలేసి, ఒక మూలన చిన్న కారు బొమ్మ పెట్టారు. పెద్ద కార్లే గొప్ప అనుకునే రోజుల్లో, చిన్నగా ఆలోచించమన్నారు. ఆ ఖాళీ వల్లే కన్ను కారు మీదికి వెళ్లింది.

తెలుగు అక్షరాల విషయంలో డిజైనర్‌కు రెండు సంగతులు చెప్పి తీరాలి. మన లిపికి కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు కంటే వరుసల మధ్య ఎక్కువ ఎడం కావాలి, లేదంటే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. ఇంకొకటి, అక్షరాలకూ వెనకున్న రంగుకూ తేడా బాగా తెలియాలి. వెబ్‌లో మామూలు సైజు అక్షరాలకు ఈ తేడా కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. దాన్ని కొలిచే ఉచిత సాధనాలు నెట్‌లో దొరుకుతాయి. అవేవీ లేకపోయినా ఫోన్‌ను ఎండలోకి తీసుకెళ్లి చదివి చూడండి, తెలిసిపోతుంది.

7. నమ్మడానికి ఆధారం ఇవ్వండి

హెడ్‌లైన్ చదివిన మనిషి మనసులో వెంటనే వచ్చే మాట "నిజమేనా?" దానికి అక్కడికక్కడే జవాబు ఉండాలి. బ్యాగులో పొడి కాగితం పెట్టి, షవర్ కింద కొన్ని నిమిషాలు ఉంచి, తీసి చూపించే వీడియో ఒకటి తీయండి. మధ్యలో ఎక్కడా కట్ చేయకండి. కట్ పడిందంటే అక్కడే అనుమానం మొదలవుతుంది. కొన్నవాళ్ల మాటలు వాడుకోవాలంటే వాళ్లను అడిగి, ఒప్పుకున్నాకే వాడండి. వాళ్లు అన్నదానికి మెరుగులు దిద్దకండి. కాస్త వంకరగా ఉన్న అసలు వాక్యమే నమ్మిస్తుంది.

లోపం ఒప్పుకోవడం కూడా ఆధారమే. 1962లో అద్దె కార్ల కంపెనీ ఏవిస్, తాము రెండో స్థానంలో ఉన్నామని తానే ప్రకటించుకుని, అందుకే ఇంకా గట్టిగా కష్టపడతాం అంది. రెండో స్థానం అని ఒప్పుకున్నాక మిగతా మాట నమ్మడం సులువైంది. మీ బ్యాగు మామూలు బ్యాగుల కన్నా కొంచెం బరువైతే, ఆ బరువు లోపలి టేపు వల్లా మూత వల్లా వచ్చిందని చెప్పేయండి.

అరచేతిలో వైకుంఠం చూపించకండి. పైన పడే వానకు తట్టుకోవడం వేరు, నీళ్లలో మునిగినా తట్టుకోవడం వేరు. మొదటిది మాత్రమే నిజమైతే రెండోది స్ఫురించే ఫొటో కూడా పెట్టకూడదు. ప్రకటన చట్టబద్ధంగా, మర్యాదగా, నిజాయితీగా, సత్యంగా ఉండాలని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1937లో మొదట తెచ్చిన నియమావళి నుంచీ చెబుతూనే ఉన్నారు. షరతులు ఉంటే చుక్క గుర్తు పెట్టి అడుగున కనబడని అక్షరాల్లో దాచకండి, ఆఫర్ పక్కనే రాయండి. ఆఫర్ ఫలానా తేదీ వరకే అన్నారంటే ఆ తేదీకి ఆపాలి. ప్రతివారం "చివరి రోజు" అంటుంటే మీ మాటకు విలువ పోతుంది.

8. చివర్లో పిలుపు

మొదటి మెట్టులో రాసుకున్న కాగితం తీయండి. ఆ పనినే సూటిగా చెప్పండి. "మరిన్ని వివరాలకు సంప్రదించండి" కన్నా "షవర్ వీడియో చూడండి" మేలు. నొక్కగానే ఏమొస్తుందో మనిషికి తెలుస్తుంది. ఫోన్ నంబరు ఇస్తే ఏ వేళల్లో ఎత్తుతారో రాయండి, ఆ వేళల్లో తప్పకుండా ఎత్తండి. లింక్ ఇస్తే అది ఆ బ్యాగు పేజీకే వెళ్లాలి. హోమ్‌పేజీకి పంపి అక్కడ వెతుక్కోమంటే చాలామంది వెనక్కి వెళ్లిపోతారు.

9. వేసే చోటుకు తగ్గట్టు మార్చండి

గూగుల్ సెర్చ్ ప్రకటనలో ఒక్కో హెడ్‌లైన్‌కు 30 అక్షరాల చోటే ఉంటుంది, వివరణకు 90. అలాంటి హెడ్‌లైన్లు 15 దాకా ఇవ్వొచ్చు, కాబట్టి ఐదో మెట్టులో రాసి పక్కన పెట్టినవి ఇక్కడ పనికొస్తాయి. తెలుగులో ఆ చోటు తొందరగా నిండిపోతుంది, ముందే పొట్టిగా రాసుకోండి. యూట్యూబ్‌లో దాటేయగల ప్రకటనకు 5 సెకన్ల తర్వాత స్కిప్ బటన్ వస్తుంది. మీ లోగో తిరుగుతూ తిరుగుతూ రావడానికి ఆ 5 సెకన్లూ ఖర్చుపెట్టకండి, నీళ్లు పడుతున్న బ్యాగుతోనే మొదలుపెట్టండి. ఫోన్ నిలువు వీడియో 9:16 కొలతలో తీయాలి. శబ్దం ఆపేసి చూసేవాళ్లు ఉంటారు కాబట్టి మాటలు తెర మీద కూడా రావాలి. హోర్డింగు అయితే బొమ్మ ఒకటి, మాటలు ఏడెనిమిదికి మించకుండా. కరపత్రంలో మాత్రం కొంచెం ఎక్కువ రాయొచ్చు, అది చేతిలో ఉంటుంది కదా.

10. చిన్నగా వేసి, కొలిచి, పెంచండి

బడ్జెట్ అంతా మొదటిరోజే పెట్టకండి. రెండు ప్రకటనలు చేసి, ఒక్క విషయం మాత్రం తేడాగా ఉంచి (హెడ్‌లైన్ మాత్రమే, లేదా ఫొటో మాత్రమే) ఒకే రకం జనానికి చూపించండి. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు.

అంకెలు చూసేటప్పుడు తొందరపడకండి. చెరో వెయ్యిమంది చూస్తే ఒకదానికి 10 క్లిక్‌లు, రెండోదానికి 14 వచ్చాయనుకోండి. ఆ తేడా ఊరికే అలా పడి ఉండొచ్చు, దాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు. చెరో పదివేలమంది చూశాక 100, 140 వస్తే అప్పుడు నమ్మొచ్చు. క్లిక్‌లు కూడా చివరి లెక్క కాదు. ఒకే ఖర్చుకు ఒక ప్రకటన 100 క్లిక్‌లు, 2 ఆర్డర్లు తెచ్చి, ఇంకోటి 60 క్లిక్‌లు, 5 ఆర్డర్లు తెస్తే రెండోదే మంచిది. మొదటిది జనం కుతూహలాన్ని రేపింది, కొనేవాళ్లను తేలేదు.

కాగితం మీద వేసే ప్రకటనలనూ కొలవొచ్చు. నూరేళ్ల క్రితమే అమెరికాలో పోస్టు ద్వారా సరుకు అమ్మేవాళ్లు, ఒక్కో పత్రికలో వేసిన కూపన్ మీద ఒక్కో కోడు ముద్రించి, తిరిగొచ్చిన కూపన్లను బట్టి ఏ పత్రిక, ఏ హెడ్‌లైన్ పనిచేసిందో లెక్కగట్టేవాళ్లు. మీరూ ఒక్కో కరపత్రానికి ఒక్కో డిస్కౌంట్ కోడు గానీ, క్యూఆర్ కోడు గానీ పెట్టండి. ఫోన్ చేసినవాళ్లను "మా గురించి ఎక్కడ చూశారండీ?" అని అడిగి రాసుకోవడం కూడా మంచి పద్ధతే, అందుకు పైసా ఖర్చు లేదు.

బాగా నడుస్తున్న ప్రకటన కూడా కొన్నాళ్లకు నెమ్మదిస్తుంది. చూసినవాళ్లే మళ్లీ మళ్లీ చూస్తుంటే క్లిక్‌లు తగ్గుతాయి. అప్పుడు కంగారుపడి అసలు మాటనే మార్చేయకండి. ముందు ఫొటో మార్చండి, తర్వాత హెడ్‌లైన్ మార్చండి, జిప్పు మూత అనే సంగతిని మాత్రం అలాగే ఉంచండి. మీకు ఆ ప్రకటన విసుగు పుట్టిందంటే అది రోజూ చూస్తున్నారు కాబట్టి. జనంలో చాలామంది ఇంకా ఒక్కసారి కూడా చూసి ఉండరు. సరుకు అయిపోతే మాత్రం ప్రకటనను ఆ గంటలోనే ఆపండి. స్టాకు లేని బ్యాగు కోసం వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపడానికి డబ్బు ఖర్చుపెట్టడం కంటే, సరుకు వచ్చేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టడం మంచిది.